జ్వరంలో పాపకి ఫిట్స్ వచ్చాయి, మళ్లీ వస్తాయేమోనని నిద్ర పట్టట్లేదు

చిన్నిఅమ్మ (రాజమండ్రి)
శనివారం, తెల్లవారుజామున 2:47

అందరికీ నమస్తే. ఇక్కడ చదవడమే గానీ ఇంతవరకు ఎప్పుడూ రాయలేదు. మా పాపకి పదహారు నెలలు. గురువారం సాయంత్రం ముక్కు కారడం మొదలైంది, ఒళ్లు కొంచెం వెచ్చగా ఉంది. జలుబే కదా అనుకున్నాం. శుక్రవారం పొద్దున ఇడ్లీ తినిపిస్తుంటే ఉన్నట్టుండి కళ్లు తేలేసింది. కాళ్లూ చేతులూ బిగుసుకుపోయి కొట్టుకోవడం మొదలైంది. పెదాలు నీలంగా అయిపోయాయి. నోట్లో ఇడ్లీ ముక్క అలాగే ఉంది. పాప ఇక లేదనే అనుకున్నాను.

అత్తయ్య గారు పరుగున వచ్చి తాళాల గుత్తి గుప్పిట్లో పెట్టారు. మా వారు నోట్లో చెంచా పెట్టబోయారు, పళ్లు బిగుసుకుపోయి పట్టలేదు, వేలు దూర్చారు, వేలికి గాటు పడింది. నేను చెంబుతో చల్లటి నీళ్లు మొహాన కొట్టాను. బైక్ మీద నేను పాపని ఒళ్లో పెట్టుకుని కూర్చుంటే ఆయన ఎలా నడిపారో ఆయనకే తెలీదు. హాస్పిటల్‌కి చేరేసరికి ఫిట్స్ ఆగిపోయాయి. అక్కడ చూస్తే జ్వరం 103. ఎంతసేపు వచ్చాయో కూడా చెప్పలేకపోయాం. నాకు పావుగంట అనిపించింది, మా వారు రెండు నిమిషాలే అంటున్నారు.

డాక్టరు గారు చూసి ఇది జ్వరం ఫిట్స్, భయం లేదన్నారు. సాయంత్రం దాకా ఉంచుకుని పంపించేశారు. తలకి స్కాన్ లేదు, ఏమీ లేదు. అదే నా భయం. ఇంత జరిగితే ఒక్క పరీక్ష కూడా రాయరా? గంటకోసారి థర్మామీటర్ పెడుతున్నాను. ఇప్పుడు 100.8. పాప పడుకుంది, నేను పక్కన కూర్చుని ఇది రాస్తున్నా. మళ్లీ వస్తాయా? మూర్ఛ రోగం అవుతుందా? బుర్ర దెబ్బతింటుందా?

నైట్‌డ్యూటీ_సిస్టర్
శనివారం, 3:05

అమ్మా, నేను డ్యూటీలోనే ఉన్నా, ఈ రాత్రి వార్డు కాస్త ఖాళీగా ఉంది. ముందు ఇవి చెప్పు. ఫిట్స్ తర్వాత పాప లేచి నిన్ను గుర్తుపట్టిందా? పాలు తాగిందా? మెడ మామూలుగా వంచుతోందా? వాంతులు ఉన్నాయా? ఒంటి మీద ఎర్రగా గానీ ఊదాగా గానీ మచ్చలు వచ్చాయా?

చిన్నిఅమ్మ
3:08

రాత్రి తొమ్మిదింటికి లేచింది మేడం. పాలు తాగింది. ఫోన్ ఇవ్వలేదని ఏడ్చింది. వాంతులు లేవు, మచ్చలు లేవు. మెడ బాగానే తిప్పుతోంది.

నైట్‌డ్యూటీ_సిస్టర్
3:19

ఫోన్ కోసం ఏడ్చిందంటే సగం టెన్షన్ పక్కన పెట్టు. మెదడుకి ఇన్ఫెక్షన్ వచ్చిన పిల్లలు ఫోన్ కోసం గొడవ చేయరు, మత్తుగా పడి ఉంటారు.

నిద్రపోయే పిల్లని లేపి థర్మామీటర్ పెట్టకు. దుప్పటి కప్పకు, పల్చటి గౌను చాలు. ఫ్యాను వేసుకో, ఏమీ కాదు. తడిగుడ్డతో తుడవాలనుకుంటే గోరువెచ్చటి నీళ్లు వాడు. చల్లటి నీళ్లు, ఐసు వద్దు. వణుకు వచ్చి ఒళ్లు ఇంకా వేడెక్కుతుంది.

ఒకవేళ మళ్లీ వస్తే, ఈసారి గుర్తుంచుకో. నేల మీద గానీ మంచం మధ్యలో గానీ ఎడమ పక్కకి తిప్పి పడుకోబెట్టు, నోట్లో ఉన్నది దానంతట అదే బయటికి కారిపోతుంది. మెడ దగ్గర బట్ట వదులు చెయ్యి. గడియారం చూడు. అంతే. చెంచా వద్దు, వేలు వద్దు, నీళ్లు వద్దు, మందు వద్దు, కదలకుండా గట్టిగా పట్టుకోవద్దు. నాలుక మింగేస్తారన్న మాట అబద్ధం, ఎవరూ మింగరు. చెంచాల వల్ల పళ్లు ఊడిన పిల్లల్ని మాత్రం చూశాను. అయిదు నిమిషాలు దాటితే 108కి చెయ్యి. బైక్ మీద మాత్రం వెళ్లొద్దు తల్లీ. ఫిట్స్ కంటే నాకు ఆ బైక్ భయం.

నల్గొండ_నాన్న
శనివారం, 7:40

చెల్లెమ్మా, నీ పోస్టు చదువుతుంటే మూడేండ్ల కిందటి రోజు కండ్ల ముందు తిరిగింది. మా చిన్నోడికి పద్దెనిమిది నెలలప్పుడు ఊళ్లో పెళ్లిలో ఉండగా వచ్చాయి. జనమంతా మూగారు. ఒకరు ఉల్లిగడ్డ దంచి ముక్కు దగ్గర పెట్టిన్రు, ఒకరు చెప్పు వాసన చూపించిన్రు. మా మేనత్త సూది కాల్చి పొట్ట మీద చురక పెడతానని పొయ్యి దగ్గరికి పోయింది. నేను పిల్లగాణ్ణి ఎత్తుకుని కారులో కూర్చుంటే, చురక పెట్టనియ్యలేదని ఆమె సంవత్సరం నాతో మాట్లాడలే.

మా వాడికి మొత్తం మూడుసార్లు వచ్చాయి. ఆఖరుసారి మూడేళ్లప్పుడు. ఇప్పుడు యూకేజీ, మాటల్లో నన్ను మించిపోయిండు. బుర్రకి ఏం కాలేదు.

తాతయ్య_తెనాలి
శనివారం, 9:15

అమ్మాయీ, మీ అత్తగారు చేసింది తప్పేమీ కాదు. నా వయసు 71. మా ఇంట్లో, చుట్టుపక్కల కలిపి నాలుగైదు సార్లు చూశాను, ఇనుము గుప్పిట్లో పెట్టిన నిమిషానికల్లా తగ్గింది. పెద్దవాళ్లు ఊరికే చెప్పరు. ఇంకో మాట. జ్వరం పట్టు వదలాలంటే మెడికల్ షాపులో నిమెసులైడ్ సిరప్ అడుగు, అరగంటలో దించుతుంది. పారాసిటమాల్ ఏం సరిపోతుంది 103కి?

పీడియాట్రీషియన్_వైజాగ్
శనివారం, 13:30

ఓపీ ఇప్పుడే అయింది, భోజనానికి ముందు రాస్తున్నాను. కొంచెం పెద్దగా ఉంటుంది, ఓపిగ్గా చదవండి.

తాతయ్య గారితో మొదలుపెడతాను. అయ్యా, మీరు చూసింది నిజమే. ఈ ఫిట్స్ చాలావరకు ఒకటి నుంచి మూడు నిమిషాల్లో వాటంతట అవే ఆగిపోతాయి. మనం కంగారుపడి తాళాల గుత్తి వెతికి తెచ్చేసరికి నిమిషంన్నర అవుతుంది. అప్పుడు చేతిలో ఇనుము పెట్టినా, ఉల్లిపాయ పెట్టినా, ఏమీ పెట్టకపోయినా ఆగేదే. ఆ క్షణంలో చేతిలో ఏది ఉంటే పేరు దానికి వస్తుంది. నిజం చెప్పాలంటే మేము క్యాజువాలిటీలో ఇచ్చే ఇంజక్షన్లకి కూడా అప్పుడప్పుడూ ఇలాగే ఉచితంగా పేరొస్తుంది. ఇక నిమెసులైడ్ సంగతి. 12 ఏళ్ల లోపు పిల్లలకి దాన్ని మన దేశంలో 2011లోనే నిషేధించారు, కాలేయం దెబ్బతినే ప్రమాదం ఉంది కాబట్టి. షాపులో ఇచ్చినా తీసుకోకండి.

చిన్నిఅమ్మ గారూ, ఆరు నెలల నుంచి అయిదేళ్ల లోపు పిల్లల్లో వందకి ఇద్దరి నుంచి అయిదుగురికి ఇవి వస్తాయి. కుటుంబంలో ఎవరికైనా చిన్నప్పుడు వచ్చి ఉంటే కొంచెం ఎక్కువ. మీ అత్తగారిని అడగండి, మీ వారికి వచ్చాయేమో. సగం ఇళ్లలో నేను ఈ ప్రశ్న వేశాకే "ఆ, వీడికీ వచ్చింది" అని బయటపడుతుంది.

స్కాన్ ఎందుకు రాయలేదంటే, అవసరం లేదు కాబట్టి. ఒళ్లంతా ఒకేలా కొట్టుకుని, 15 నిమిషాల లోపు ఆగి, 24 గంటల్లో మళ్లీ రాకుండా, తర్వాత పిల్ల మామూలైపోతే దాన్ని మేము సింపుల్ అంటాం. దీనికి సీటీ, ఎమ్మారై, ఈఈజీ (మెదడులోని విద్యుత్తుని గీతలుగా చూపే పరీక్ష) ఏవీ అక్కర్లేదు. ఈఈజీ తీస్తే ఏదో చిన్న గీత అటూఇటూ కనిపించి, ఆ కాగితం పట్టుకుని మీరు ఏడాది పాటు డాక్టర్ల చుట్టూ తిరగడం తప్ప లాభం ఉండదు. మీ డాక్టరు గారు మిమ్మల్ని నిర్లక్ష్యం చేయలేదు, డబ్బు మిగిల్చారు.

ఒక పక్కే కొట్టుకోవడం, 15 నిమిషాలు దాటడం, అదే రోజు రెండోసారి రావడం, ఆరు నెలల లోపు బిడ్డకి రావడం, ఆగిన గంట తర్వాత కూడా మత్తు వదలకపోవడం, మెడ బిగుసుకోవడం, మాడు ఉబ్బడం, వీటిలో ఏ ఒక్కటున్నా కథ వేరు. అప్పుడు వెంటనే ఆస్పత్రికి వెళ్లాలి. 15 నిమిషాల దాకా ఆగమని కాదు, సిస్టర్ చెప్పినట్టు అయిదు నిమిషాలు దాటగానే 108కి చేయాలి.

మళ్లీ వస్తాయా అంటే, ముగ్గురిలో ఒకరికి మళ్లీ ఎప్పుడో ఒకసారి వస్తాయి. ఏడాది లోపే మొదటిసారి వచ్చిన పిల్లల్లో దాదాపు సగం మందికి. మూర్ఛ వ్యాధి మామూలుగానే వందలో ఒకరికి ఉంటుంది. సింపుల్ రకం వచ్చిన పిల్లల్లో అది అంతే, లేదా కొద్దిగా ఎక్కువ. తెలివి తగ్గడం, చదువు రాకపోవడం ఉండవు.

ఇప్పుడు చెప్పేది చాలామందికి నచ్చదు. జ్వరం మందు వేస్తే ఫిట్స్ ఆగుతాయన్న నమ్మకం తప్పు. గడియారం పెట్టుకుని పారాసిటమాల్ వేసిన పిల్లలకీ, అలా వేయనివాళ్లకీ ఫిట్స్ మళ్లీ రావడంలో చాలా అధ్యయనాల్లో తేడా కనిపించలేదు. చాలాసార్లు ఫిట్స్ వచ్చాకే ఇంట్లోవాళ్లకి జ్వరం ఉందని తెలుస్తుంది. మందు పిల్ల ఒళ్లు నొప్పులు తగ్గి కాస్త హాయిగా ఉండటానికి. కాబట్టి తల్లి మందు ఆలస్యం చేసింది కాబట్టే వచ్చాయని ఇంట్లో ఎవరైనా అంటే, ఈ పోస్టు చూపించండి.

చిన్నిఅమ్మ
శనివారం, 14:02

ఆ చివరి లైను చదివి ఏడ్చేశాను సార్. పొద్దున్నుంచి ఇంట్లో అదే మాట. మా వారి సంగతి అడగమన్నారు కదా, అత్తయ్యని అడిగాను. కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "మీ ఆయనకి రెండేళ్లప్పుడు వచ్చింది, దడుచుకున్నాడని తాయెత్తు కట్టించాం" అన్నారు!

నల్గొండ_నాన్న
14:10

🙏 సార్, మా ఇంట్లో కూడా గిదే కథ. మా నాన్నకి.

ఇద్దరు_మగపిల్లలు (బెంగళూరు)
శనివారం, 16:25

పారాసిటమాల్ మాట వచ్చింది కాబట్టి నా తప్పు ఒకటి చెప్తా, ఎవరికైనా పనికొస్తుంది. మా చిన్నవాడు అప్పుడు పది కిలోలు. పెద్దవాడి సిరప్ అయిపోతే మా ఆయన రాత్రి షాపు నుంచి చుక్కల మందు తెచ్చారు. అట్ట మీద బొమ్మ ఒకటే, రంగు ఒకటే. నేను రోజూలాగే చిన్న మూతతో 5 ఎం.ఎల్. పోసి తాగించేశాను. తర్వాత అట్ట చదివితే గుండె ఆగినంత పనైంది. సిరప్‌లో 5 ఎం.ఎల్.కి 125 మిల్లీగ్రాములు. చుక్కల మందులో ఒక్క ఎం.ఎల్.కే 100. అంటే వాడికి 500 పట్టించాను. అర్ధరాత్రి ఆస్పత్రికి పరిగెత్తాం. ఒక్కసారికి, ఆ బరువుకి ప్రమాదం లేదని చెప్పి పొద్దుటిదాకా ఉంచి పంపారు. కానీ అలా రోజుకి నాలుగుసార్లు రెండు రోజులు వేసి ఉంటే కాలేయం పోయేదన్నారు.

అప్పటినుంచి ఫ్రిజ్ తలుపు మీద కాగితం అంటించా. పిల్లాడి బరువు, దాని కింద మూడు సీసాల లెక్క.

పీడియాట్రీషియన్_వైజాగ్
16:50

ఈ పోస్టుని అందరూ సేవ్ చేసుకోండి. లెక్క ఇది: ఒక్కో డోసుకి కిలోకి 15 మిల్లీగ్రాములు. పది కిలోల పిల్లకి 150. అంటే చుక్కల మందైతే 1.5 ఎం.ఎల్., 125 సిరప్ అయితే 6 ఎం.ఎల్., 250 సిరప్ (5 ఎం.ఎల్.కి 250) అయితే 3 ఎం.ఎల్. డోసుకీ డోసుకీ మధ్య కనీసం నాలుగు గంటలు, ఆరు గంటలైతే ఇంకా మంచిది. రోజుకి నాలుగు డోసులు మించొద్దు. ఇంట్లో టీస్పూన్‌తో కొలవకండి, ఒక్కో ఇంటి స్పూన్ ఒక్కో సైజు. మూడు నెలల లోపు పసిబిడ్డకి జ్వరం వస్తే మాత్రం ఏ మందూ వేయకుండా నేరుగా డాక్టరు దగ్గరికే.

లీసెస్టర్_తెలుగు
శనివారం, 22:40

మాది గుంటూరు, ఇప్పుడు యూకేలో ఉంటున్నాం. మా పాపకి ఇక్కడ నర్సరీలో వచ్చాయి. నేను వెళ్లేసరికి టీచరు పాపని పక్కకి తిప్పి పడుకోబెట్టి, కాగితం మీద మొదలైన టైము, ఆగిన టైము, ఏ చెయ్యి కదిలిందో రాసి పెట్టింది. ఆ కాగితం చూసే డాక్టరు సగం ప్రశ్నలు మానేశాడు. ఇక్కడ రోజూ వేసే మందు ఏదీ ఇవ్వలేదు. పోయిన వేసవిలో గుంటూరు వచ్చినప్పుడు అక్కడి డాక్టరు జ్వరం వచ్చిన మూడు రోజులు ఫిట్స్ రాకుండా క్లోబజామ్ మాత్ర వేయమన్నారు. ఇక్కడ అడిగితే వద్దంటారు. ఎవరి మాట వినాలి?

పీడియాట్రీషియన్_వైజాగ్
ఆదివారం, 8:15

ఇద్దరూ తప్పు చెప్పలేదు. క్లోబజామ్ జ్వరం ఉన్న రెండు మూడు రోజులు వేస్తే ఫిట్స్ వచ్చే అవకాశం తగ్గుతుంది, నిజమే. కానీ సింపుల్ ఫిట్స్ అపాయకరం కావు, మందుకేమో మత్తు, తూలడం, చిరాకు ఉంటాయి. మీ డాక్టర్లు ఈ లెక్కలో వద్దన్నారు. ఇక్కడ మేము కొందరికి ఇస్తాం. ఏడాదిలో చాలాసార్లు వచ్చినవాళ్లకి, ఎక్కువసేపు వచ్చినవాళ్లకి, ఆస్పత్రి గంట దూరంలో ఉన్న ఊళ్లవాళ్లకి. మొదటిసారి వచ్చిన ప్రతి పిల్లకీ రాయడం నాకు ఇష్టం ఉండదు. అది చాలాసార్లు పిల్లకి కాదు, తల్లిదండ్రుల భయానికి వేసే మందు అవుతుంది.

నల్గొండ_నాన్న
9:02

మా వాడికి వేసినం సార్. రెండు రోజులు తాగినోడి లెక్క గోడలు పట్టుకుని నడిచిండు. మా నాయన చూసి నవ్వు ఆపుకోలేకపోయిండు.

కవలల_అమ్మ (విజయనగరం)
ఆదివారం, 11:30

అందరూ భయం లేదు భయం లేదు అంటున్నారు, సంతోషం. కానీ ఒక మాట రాయకుండా ఉండలేను. మా అక్క కొడుక్కి ఎనిమిది నెలలప్పుడు జ్వరంలో ఫిట్స్ వచ్చాయి. మేము అప్పటికే ఒకసారి చూసి ఉన్నాం, మా ఇంట్లో కవలల్లో ఒకడికి వచ్చాయి కదా, అదేలే అనుకున్నాం. వాడు మాత్రం లేవలేదు. పాలు పట్టలేదు, ఏడుపు సన్నగా మూలుగులా ఉంది. ఆస్పత్రిలో వెన్నులోంచి నీరు తీసి పరీక్ష చేయాలన్నారు. ఇంట్లో పెద్దవాళ్లు వెన్నులో సూది గుచ్చితే కాళ్లు పడిపోతాయని సంతకం పెట్టనివ్వలేదు. పొద్దున అడిగితే సాయంత్రానికి ఒప్పుకున్నాం. మెదడు పొర వాపు, మెనింజైటిస్. మూడు వారాలు ఇంజక్షన్లు పడ్డాయి. బతికాడు, నడుస్తున్నాడు, కానీ ఒక చెవి వినపడదు. ఆ సగం రోజు వల్లే పోయిందని ఏ డాక్టరూ చెప్పలేదు. మా అక్క మాత్రం అదే అనుకుంటుంది.

పీడియాట్రీషియన్_వైజాగ్
12:05

మీరు రాసినందుకు చాలా మంచి పని చేశారమ్మా. ఏడాది లోపు బిడ్డ విషయంలో మేము తేలిగ్గా తీసుకోకపోవడానికి కారణం ఇదే. అంత చిన్న పిల్లల్లో మెడ బిగుసుకోవడం కూడా కనిపించకపోవచ్చు. వెన్నులో నీరు తీసే సూది నడుము కింది భాగంలో, వెన్నుపాము ముగిసిన చోటుకి దిగువన గుచ్చుతారు. కాళ్లు పడిపోవు. డాక్టరు అడిగితే సంతకం పెట్టండి, ఎందుకో కావాలంటే తర్వాత వాదించండి.

తాతయ్య_తెనాలి
12:40

డాక్టరు గారూ, నిమెసులైడ్ సంగతి నాకు తెలీదు. మా ఇంట్లో సీసా ఉంది, పారేశాను. ఇనుము సంగతి మాత్రం ఆలోచించాలి.

నైట్‌డ్యూటీ_సిస్టర్
12:44

😀 ఇనుము గుప్పిట్లో పెట్టండి బాబాయ్ గారూ, నోట్లో మాత్రం పెట్టకండి.

పీడియాట్రీషియన్_వైజాగ్
13:10

ఇనుము మాట తమాషాగా వచ్చింది గానీ అందులో ఒక నిజం ఉంది. రక్తంలో ఐరన్ తక్కువ ఉన్న పిల్లల్లో జ్వరం ఫిట్స్ కాస్త ఎక్కువగా కనిపిస్తాయి. చిన్నిఅమ్మ గారూ, పాప రోజుకి పాలు ఎన్ని తాగుతుంది?

చిన్నిఅమ్మ
13:18

ఆవు పాలు లీటరు దాకా సార్. అన్నం తినదు, అందుకే సీసాతో పట్టేస్తాం.

పీడియాట్రీషియన్_వైజాగ్
13:25

అర లీటరు దాటొద్దు. పాలతో కడుపు నిండితే అన్నం ఎందుకు తింటుంది? జ్వరం తగ్గాక హిమోగ్లోబిన్ ఒకసారి చూపించండి. మీరు అడిగిన "ఒక్క పరీక్ష" ఇదే అనుకోండి. టీకాలు ఆపొద్దు. పదహారు నెలలు దాటాయి కాబట్టి ఎంఆర్ రెండో డోసు, డీపీటీ బూస్టర్ ఉంటాయి. డీపీటీకి జ్వరం మొదటి రెండు రోజుల్లో రావచ్చు, ఎంఆర్‌కి వారం పది రోజుల తర్వాత. ఆ రోజులు క్యాలెండర్ మీద గుర్తు పెట్టుకోండి.

చిన్నిఅమ్మ
ఐదు వారాల తర్వాత, మంగళవారం, 21:50

అప్‌డేట్. హిమోగ్లోబిన్ 8.4 వచ్చింది, ఐరన్ చుక్కలు వాడుతున్నాం. పాలు తగ్గించిన మొదటి నాలుగు రోజులు ఇల్లు పీకి పందిరేసింది. ఇప్పుడు పప్పన్నం తింటోంది.

నిన్న మళ్లీ జ్వరం, మళ్లీ వచ్చాయి. నా చేతులు వణికాయి గానీ పక్కకి తిప్పి పడుకోబెట్టాను. మా వారు ఫోన్‌లో స్టాప్‌వాచ్ పెట్టి వీడియో తీశారు. ఒక నిమిషం నలభై రెండు సెకన్లు. నాకు మళ్లీ పావుగంటే అనిపించింది! అత్తయ్య తాళాలు పట్టుకుని గుమ్మంలో నిలబడ్డారు, లోపలికి రాలేదు. ఆగాక పాప పడుకుంది, అరగంటకి లేచి నీళ్లడిగింది. ఆటోలో వెళ్లి వీడియో డాక్టరు గారికి చూపించాం. ఫిట్స్ ఆపడానికి ముక్కులో కొట్టే మిడజోలమ్ స్ప్రే రాశారు, అయిదు నిమిషాలు దాటితేనే వాడమన్నారు. దాని గురించి ఎవరైనా చెప్తారా?

నైట్‌డ్యూటీ_సిస్టర్
22:15

సీసా కొత్తదైతే ముందు గాల్లోకి రెండు మూడుసార్లు నొక్కు, పొగమంచులా మందు వచ్చేదాకా. లేకపోతే అవసరానికి ఖాళీ గాలే వస్తుంది. ఎన్ని పఫ్‌లో డాక్టరుతో సీసా మీదే రాయించుకో. కంపెనీ మారితే పఫ్‌కి మందు మోతాదు మారుతుంది, కాబట్టి అడగకుండా వేరేది కొనకు. కొట్టాక ఊపిరి గమనిస్తూ ఉండు, 108కి కూడా చెయ్యి. గడువు తేదీ చూసుకో. ఒకటి బ్యాగులో పెట్టుకో, ఊరెళ్తే మర్చిపోతావ్.

చిన్నిఅమ్మ
22:21

థాంక్స్ అక్కా. ఫ్రిజ్‌లో పెట్టాలా?

నైట్‌డ్యూటీ_సిస్టర్
22:23

వద్దు. ఎండ తగలని అలమరలో పెట్టు, పాపకి అందకుండా. తాళాల గుత్తి తగిలించే మేకు పక్కన అయితే ఇంట్లో అందరికీ గుర్తుంటుంది.